ఉలవగుండకు ఎక్కిన ఎత్వం

ఆ శనివారం ఉదయం అయిపోవలసిన పనులు ఇవి. మేనేజరు గారు తెల్లబోర్డు మీద నీలిసిరాతో స్వయంగా రాశారు.

నేల రెండుసార్లు తుడవాలి. గడువు దగ్గరపడిన రొట్టెలు ముందు వరుసలోకి, నిన్న వచ్చినవి వెనక్కి జరపాలి. బక్కెట్టు ఉచితంగా వచ్చే బిస్కెట్ల దగ్గర బక్కెట్లు కనిపించాలి, బిస్కెట్లు కనిపించకపోయినా పరవాలేదు. జీడిపప్పు సంచుల మీద 'ముక్కలు' అన్న మాట మూసేసి 'పాయసం స్పెషల్' అని అంటించాలి. గుమ్మం దగ్గరి 'మన ఊరి మనసు దోచిన పది' బోర్డుకు బంతిపూల దండ వేయాలి. రుచి చూపే బల్ల మీద కంపెనీవారి కందిపొడి, వేడి ఇడ్లీలు, నూనె సిద్ధంగా ఉండాలి. పదకొండు గంటలకు హెడ్డాఫీసుకు ఫొటో వెళ్ళాలి. సిబ్బంది అందరూ నవ్వాలి.

నవ్వడంతో సహా అన్నీ అయ్యాయి. కంపెనీవారి కందిపొడి మాత్రం రాలేదు.

నేను ఒక స్టీలు డబ్బాను. అరకిలో పడతాను. ఆ జాబితాలో నా ఊసు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆ సమయానికి నేను వెనకగదిలో, పప్పుబస్తాల నడుమ, యడ్ల పారమ్మ గుడ్డసంచిలో ఉన్నాను.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒక రేకు, ఒక అచ్చు, ఒక దెబ్బ. ఆ గంటలో నాతోపాటు ఇంకో నాలుగువందల మంది పుట్టారు. మనుషుల్లో కవలలు పుడితేనే వీధంతా చూడటానికి వస్తుంది. మమ్మల్ని గోతాల్లో కుక్కి లారీ ఎక్కించారు. పాతబట్టలకు కొత్త సామాన్లు ఇచ్చే గంపావిడ ఒకామె నన్ను బొబ్బిలి తెచ్చింది. పారమ్మ నన్ను కొనలేదు, మార్చుకుంది. ఆమె భర్త జనపనార మిల్లులో పనిచేసినప్పటి ఖాకీ ప్యాంట్లు మూడు ఇచ్చింది. మిల్లు మూతపడి అప్పటికి రెండేళ్ళు. "మళ్ళీ తెరుస్తారేమో, ఉంచవే" అని ఆయన అంటూనే ఉన్నాడు. ఆమె ప్యాంట్లను గంపలో పడేసి, ఒక్క డబ్బాకి మూడు ప్యాంట్లేమిటని పోట్లాడి, ఆ పోట్లాట మీద పేరు ఉచితంగా కొట్టించుకుంది.

మనవాళ్ళకు గిన్నె మీద పేరు లేకపోతే నిద్రపట్టదు. పెళ్ళివంటకు అరువు వెళ్ళిన గుండిగ, పక్కింటికి కూరతో వెళ్ళిన గిన్నె తిరిగి ఇల్లు చేరాలంటే పేరే దిక్కు. ఇల్లు తమ పేరున లేనివాళ్ళకు కూడా గరిటె తమ పేరున ఉంటుంది. గంపావిడ సన్నఉలితో టకటకా నా కడుపు మీద 'వై. పారమ్మ' అని కొట్టింది. 'వై' అంటే యడ్ల. తక్కిన అక్షరాలు బాగానే దిగాయి గాని, 'వై' పక్కన చుక్క తేలిగ్గా పడింది. పదకొండేళ్ళ బూడిద, కొబ్బరిపీచు కలిసి ఆ చుక్కను తినేశాయి.

పారమ్మ సంతృప్తి చౌకబజారులో ప్యాకింగు మనిషి. బస్తాల్లో వచ్చిన పప్పులు చెరిగి, రాళ్ళు ఏరి, తూచి, సంచుల్లో కట్టి కాగితం అంటిస్తుంది. బజారు తెరిచి ఉన్నంతసేపూ ముందువైపు రాకూడదని ఆమెకు నియమం. ఊళ్ళో సగంమంది పంటికింద రాయి పడకుండా భోంచేస్తున్నారంటే ఆమె కళ్ళ చలవే, కాని ఆ కళ్ళను ఎవరూ చూడలేదు. మధ్యాహ్నం అన్నంలోకి నాలో ఉలవగుండ తెచ్చుకునేది. ఈ మాట దగ్గర కాస్త ఆగండి. కింద జిల్లాలవాళ్ళు పొడి అనేదాన్ని మా వైపు గుండ అంటాం. పసుపుగుండ, కారంగుండ, నువ్వులదైతే నూగుండ. ఉలవలు దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి చేర్చి దంచితే ఉలవగుండ. తక్కిన గొడవంతా ఈ రెండు అక్షరాల వల్లనే వచ్చింది.

ఇక ఆ బోర్డు సంగతి. 'మన ఊరి మనసు దోచిన పది' బజారు తెరవడానికి నాలుగు రోజుల ముందే హెడ్డాఫీసు నుంచి అచ్చై వచ్చింది. అంటే ఒక్క మనిషి గుమ్మం తొక్కకముందే ఊరి మనసును ఏవి దోచాయో తేలిపోయింది. ఊరు కూడా పెద్దమనసుతో ఆ మాట నిలబెట్టింది. బోర్డు మీద ఉంది కనుక కొన్నారు, కొన్నారు కనుక బోర్డు నిజమైంది. బెల్లంపొడి మూడోస్థానంలో ఉండేది. ఒకసారి దానికి చీమలు పట్టాయి. ఇద్దరు ఆడవాళ్ళు ఆ అరముందు నిలబడి మాట్లాడుకోవడం ప్లాస్టిక్కు తెర వెనకనుంచి పారమ్మ, సంచిలోనుంచి నేను విన్నాం.

"ఓలమ్మ, చీమలు పట్టీసినాయి గదే!"

"పట్టితేనే అసలు బెల్లం. మందు బెల్లానికి చీమ వస్తాదేటి?"

ఇద్దరూ చెరో రెండు కిలోలు తీసుకున్నారు. ఆ సాయంత్రానికి చీమలు పట్టని బెల్లం అరలో అలాగే మిగిలిపోయింది.

ఆ శనివారానికి వద్దాం. మేనేజరు ఫణీంద్ర గారు కృష్ణ అవతల నుంచి వచ్చినవారు. చెడ్డవారు కాదు. ఫోను మోగితే లేచి నిలబడి మాట్లాడేవారు, అంతే. పదిన్నరకు తెర తోసుకుని వెనకగదిలోకి వచ్చారు.

"పారమ్మా, నీ బాక్సులో ఏముంది?"

"గుండ బాబూ."

"ఏంటీ?"

"గుండ. ఉలవగుండ."

మూత తీసి వాసన చూశారు. ఆ ఉదయం మొదటిసారి ఆయన ముఖంలో జాబితాలో లేని నవ్వు కనిపించింది.

"ఇలా ఇవ్వు. పదకొండింటికి ఫొటో ఉంది."

"మరి నా అన్నంలోకి ఏటి బాబూ?"

"పెరుగుకప్పు తీసుకో. గడువు ఇవాళ్టిదాకా ఉందిలే."

అలా నేను బల్ల ఎక్కాను. ఇడ్లీముక్క మీద ఒక చిటికె గుండ, ఒక బొట్టు నూనె. మొదట తిన్నది కూర్మారావు మాస్టారు. హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. అంతకుముందు ఏడాది గుండెకు స్టెంటు వేయించుకున్నారు. బజారులో పారమ్మను పేరుపెట్టి పిలిచే కొనుగోలుదారు ఆయనొక్కరే. వారానికోసారి వెనకగుమ్మం దగ్గరకు వచ్చి, "పారమ్మా, నీ చేతిపప్పే ఇవ్వు, నా పళ్ళు రెండే మిగిలినాయి" అనేవారు. ఆయన ఇడ్లీముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. తెరిచి, ఇంకో ముక్కకు చెయ్యి చాచారు. దానితో వరుస కట్టింది.

"ఏ కంపెనీదండీ?" అని ఒకావిడ అడిగింది.

పక్కావిడ నా కడుపు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "వై... పా... రమ్మ. వైపారమ్మ!"

"చూసినావా, పేరులోనే యాపారం ఉన్నాది. పాతకంపెనీయే అయ్యుంటాది."

నాకు నోరు లేకపోవడం వల్ల కలిగిన నష్టాల్లో అది మొదటిది.

పదకొండు దాటాక హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. ఫొటో బాగుందట, జనం బాగున్నారట, ఆ సరుకు పేరేమిటట. ఫణీంద్ర గారు ఫోను చేత్తో మూసి తెరలోంచి తల పెట్టారు.

"పారమ్మా, దాని పేరేంటన్నావు?"

"గుండ బాబూ."

"గుండెకు మంచిదా?"

"గుండె కాదు బాబూ. గుండ, గుండ!"

"అదేలే, గుండెకే కదా. ఉలవలు మంచివని మా అమ్మమ్మ కూడా అనేది." అని, ఫోనులో విడమరిచి చెప్పారు. "రాసుకోండి సార్. వైపారమ్మ గారి ఉలవ గుండె పొడి."

ఆ తరువాత నాలుగు శనివారాలు పారమ్మ ఇంటిదగ్గర దంచి నన్ను నింపి తెచ్చింది. ఎందుకు తేవాలని ఆమె అడగలేదు. రాళ్ళు ఏరినందుకు ఎవరూ మెచ్చుకోరు, రాయి తగిలితే తిడతారు. అలాంటి పనిలో పదేళ్ళు గడిపిన మనిషికి, నలుగురు తన చేతివంట తిని లొట్టలు వేయడం తెర సందులోంచి చూడటమే జీతమంత అయింది. "తిననీ, తిననీ" అని గొణుక్కుంటూ కందిపప్పు చెరిగేది.

అయిదో శనివారం హెడ్డాఫీసు సొంతంగా చేయించిన ప్యాకెట్లు దిగాయి. పెట్టె కోసింది పారమ్మే. ప్యాకెట్టు మీద పట్టుచీర కట్టుకుని, ముక్కుకు రెండువైపులా బేసర్లతో, రోలుముందు కూర్చున్న ఒక పచ్చటి పెద్దావిడ బొమ్మ. రోలులో రోకలి తలకిందులుగా ఉంది. పక్కనే ఎర్రటి గుండె, దాంట్లోంచి కిరణాలు. 'వైపారమ్మ గారి ఉలవ గుండె పొడి.' పారమ్మ అయిదో తరగతి దాకా చదివింది. వేలుపెట్టి రెండుసార్లు చదివింది. ఒకటి చింపి నాలుక మీద వేసుకుంది.

"ఉలవని దూరంనించి చూపించి పట్టుకుపోయినట్టున్నారు" అంది నాతో. నిజమే. అంతా వేరుశనగపిండి, ఉప్పు, రంగు.

ఫణీంద్ర గారి దగ్గరకు పట్టుకెళ్ళింది. "బాబూ, ఇది నా గుండ కాదు. నా పేరు తీసీమని చెప్పండి."

ఆయన ప్యాకెట్టు తిప్పి చూసి, నిదానంగా అన్నారు. "నీ పేరు ఎక్కడుందమ్మా? ఇక్కడున్నది వైపారమ్మ. నువ్వు యడ్ల పారమ్మవి కదా. రిజిస్టరులో అలాగే ఉంది."

ఒక చుక్క అరిగితే మనిషి ఎంత దూరం పోవచ్చునో నాకు ఆ రోజు తెలిసింది.

"మరి గుండె అని రాసినారు. మందు అనుకుంటారు గదా."

"అనుకోనీ. మంచిదేగా అనుకుంటున్నది."

అప్పుడు కూడా ఆమె వెళ్ళి తన చేట ముందు కూర్చుంది. ఇంట్లో మిల్లు తెరుస్తారని ఎదురుచూస్తున్న భర్త ఉన్నాడు. ఉన్న ఒక్క ఉద్యోగం ఇదే. నన్ను మాత్రం బల్ల మీదే ఉంచేశారు. నాలో ఇప్పుడు వాళ్ళ పొడి పోశారు. పదకొండేళ్ళు ఉలవ వాసన మోసిన కడుపులో ఆ పిండిని మోయడం ఎంత కష్టమో డబ్బాలకే తెలుసు.

నెల తిరిగేసరికి బోర్డు మీద మొదటిస్థానం మాదే. ఆయాసం ఉన్నవాళ్ళు, ఆయాసం వస్తుందేమోనని భయపడేవాళ్ళు, ఇంట్లో అల్లుడికి రక్తపోటు ఉన్నవాళ్ళు, అందరూ కొన్నారు. ఒకాయన ఉదయం పరగడుపున రెండు చెంచాలు నీళ్ళతో మింగుతున్నానని పదిమందికి చెప్పాడు. "తగ్గిందా?" అంటే, "తగ్గడానికి ముందు ఉండాలి గదా, అసలు రానివ్వలేదు" అన్నాడు. వింటున్నవాళ్ళు తలలూపి మూడేసి ప్యాకెట్లు తీసుకున్నారు.

ఒక ఆదివారం ఉదయం కూర్మారావు మాస్టారు వెనకగుమ్మం దగ్గరకు వచ్చారు. వచ్చి, బియ్యంబస్తా మీద కూలబడ్డారు. నుదుటి మీద చెమట. చేతిసంచిలో అయిదు ప్యాకెట్లు.

"ఏటి మాస్టారూ, అలగున్నారు?"

"ఏం లేదే. రెండు మెట్లెక్కితే రొప్పు. వయసు."

"మాత్రలు ఏసుకుంతన్నారా?"

ఆయన పిల్లవాడిలా నవ్వారు. "మాత్రలా? మూడువారాలై ఒగ్గీసినాను. నీ గుండెపొడి ఉండగా మాత్రలెందుకే? డాక్టరు ఏళ్ళపాటు మింగమన్నాడు. నీ పొడి అన్నంలో కలిపితే చాలు, చెప్పకనే చెప్తన్నాది ప్యాకెట్టు."

పారమ్మ చేతిలోని చేట జారింది. ఏరిన పప్పు, ఏరని పప్పు నేలమీద కలిసిపోయాయి. ఆమె వాటిని చూడలేదు. ప్యాకింగుమనిషి అలా చూడకపోవడం నేను అంతకుముందు ఎరగను.

తెర తోసుకుని ముందువైపుకు వచ్చింది. బజారు కిటకిటలాడుతోంది. బల్ల మీదినుంచి నన్ను ఎత్తి చంకలో పెట్టుకుని, ఆ అరముందు అడ్డంగా నిలబడింది.

"అమ్మలారా, అయ్యలారా, ఇది గుండ. ఒట్టి గుండ. అన్నంలోకి. గుండెకి మందు కాదు. అచ్చరం తప్పు పడ్డాది. ఎవులూ మాత్రలు మానీకండి."

అందరూ తలలు తిప్పి చూశారు. తరువాత ఒకావిడ అడిగింది. "నువ్వెవులే, చెప్పడానికి?"

"పారమ్మని. ఈ డబ్బా నాదే."

"వైపారమ్మ గారా నువ్వు?" ఆవిడ ప్యాకెట్టు మీది బొమ్మను, పారమ్మను మార్చి మార్చి చూసింది. "ఆవిడ రంగెక్కడ, నీ రంగెక్కడ! బేసర్లేవీ?"

"ఎదటి కంపెనీవోళ్ళు పంపినారేమో" అన్నాడొకడు. నలుగురు నవ్వారు. ఒకతను ఆమె భుజం మీదుగా చెయ్యి చాచి రెండు ప్యాకెట్లు తీసుకుని, "కొంచెం జరుగమ్మా" అన్నాడు.

పారమ్మ జరగలేదు. అందరినీ వదిలేసి, తెర పట్టుకుని నిలబడ్డ మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, ఈళ్ళు నమ్మకపోతే పోనీ. మీరు సదూకున్నోరు. నాను దంచినది గుండ. నూగుండలో గుండ. అది నోట్లో తిరక్క గుండె చేసీసినారు. మీరు మాత్ర ఒగ్గీకండి మాస్టారూ, మీకు దండమెడతాను."

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని ప్యాకెట్టును దగ్గరగా పట్టుకున్నారు. పరీక్షపేపరు దిద్దేటప్పుడు ఆయన అలాగే పట్టుకునేవారేమో.

"ఉలవ గుండె" అని పైకి చదివారు. "సమాసం విడదీస్తే ఉలవ యొక్క గుండె. ఉలవకి గుండె ఎక్కడిదయ్యా?" 'డె' మీది గుర్తును గోటితో గీకారు. "ఇది ఎత్వం. ఉత్త ఎత్వం. ముప్ఫై రెండేళ్ళు పిల్లల దగ్గర దీనికి అరమార్కు కోసినాను. నా ప్రాణం మీదికి వచ్చినప్పుడు నా కంటికి ఆనలేదు."

జనంలో ఇద్దరు ముగ్గురు చేతిలోని ప్యాకెట్లు మెల్లగా అరలో పెట్టేశారు. పెట్టినట్టు కనబడకుండా పెట్టారు. ఒక ముసలామె మాత్రం, "ఎత్వమైతే ఏటి, రుచి బాగున్నాది" అని తీసుకెళ్ళింది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు గాని నిజమూ లేదు.

ఫణీంద్ర గారు పరుగున వచ్చారు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

"ముందువైపు నిన్నెవరు రమ్మన్నారు? ఐడీకార్డు తీసి అక్కడ పెట్టు. రేపట్నుంచి రానక్కర్లేదు."

పారమ్మ మెడలోంచి కార్డు తీసింది. నన్ను పట్టుకునే ఉంది.

"డబ్బా కూడా పెట్టు. అది కంపెనీ ఫొటోల్లో ఉంది."

"పేరుంది బాబూ, నా పేరు."

"వైపారమ్మ అని ఉంది."

అప్పుడే మాస్టారు తెరను పట్టుకుని పక్కకు ఒరిగారు. ఆమె ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో ఆయన్ను పట్టుకోబోయింది. రెండూ కుదరలేదు. నన్ను ఠపీమని బల్ల మీద పడేసి రెండు చేతులతో ఆయన్ను పట్టుకుంది. "ముందర ఆటో పిలవండి బాబూ, తరవాత తిట్టండి" అంది. ఆటోలో తానే పక్కన కూర్చుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పదకొండేళ్ళలో ఆమె తన చేత్తో నన్ను పడేసి వెళ్ళడం అదే మొదలు. నాకు బాధ కలగలేదు. మూత సొట్టపడింది గాని, దాన్ని బాధ అనకూడదు.

మాస్టారు బతికారు. ఇంకో వారం ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నారట. ఇంటికొచ్చాక హెడ్డాఫీసుకు మూడు ఉత్తరాలు రాశారు. మొదటిదాంట్లో ఎత్వానికీ తలకట్టుకూ తేడా వివరించారు. రెండోదాంట్లో విగ్రహవాక్యం రాశారు. మూడోదాంట్లో వ్యాకరణం ఏమీ లేదు, ఆస్పత్రి కాగితాలు, వకీలుగారి చిరునామా ఉన్నాయి. మూడోదాని అర్థం వాళ్ళకు వెంటనే తెలిసింది.

రెండు నెలలకు కొత్త ప్యాకెట్లు దిగాయి. 'కొత్త పేరు! కొత్త రుచి!' అని పైన మెరిసే చీటీ. గుండెబొమ్మ పోయింది. పేరు 'వైపారమ్మ గారి ఉలవ గుండ పొడి' అయింది. అంటే ఉలవ పొడి పొడి. మా వైపువాళ్ళు చదివి నవ్వుకున్నారు, నవ్వుతూనే కొన్నారు. బోర్డు మీద ఇప్పటికీ మొదటిస్థానమే. జరిగిన తప్పు గురించి ఎక్కడా ఒక ముక్క లేదు. రుచీ మారలేదు.

నన్ను మెరుగుపెట్టించి, గుమ్మం పక్కన గాజుపెట్టెలో పెట్టారు. కింద 'మా వైపారమ్మ గారి తొలి డబ్బా. తరతరాల రుచి' అని పలక. జనం నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఒకామె పిల్లకు నన్ను చూపించి, "మా తాతమ్మ దగ్గర ఇలాంటిదే ఉండేదే" అని కళ్ళు తుడుచుకుంది. నా వయసు పన్నెండు.

పారమ్మ ఒక్కసారి వచ్చింది. ఇప్పుడు పిండిమరలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. మునివేళ్ళు ఎర్రగా ఉన్నాయి. గాజుకు ఇవతల నేను, అవతల ఆమె. నన్ను అడిగి తీసుకెళ్దామనే వచ్చిందనుకుంటాను.

"ఏం కావాలమ్మా, కొనడానికేనా?" అని కాపలాదారు అడిగాడు.

"చూడ్డానికి" అంది. చాలాసేపు చూసింది. "పొడిగుడ్డతో తుడమనండి బాబూ. తడిగుడ్డ పెడితే మచ్చలొస్తాయి" అని అతనికి చెప్పి, వెళ్ళిపోయింది.

ఈ పెట్టెలో నాకు ఏ లోటూ లేదు. దుమ్ము పడదు, ఎవరూ తోమరు. కాని చేయవలసిన పని ఒకటి మిగిలింది. అది డబ్బావల్ల అయ్యేది కాదు, మీరు చేయాలి. చౌకబజారుకు వెళ్ళినప్పుడు ఆ ప్యాకెట్టు కొనండి, మానండి, మీ ఇష్టం. పేరులో గుండ అన్న చోట 'డ' మీద చిన్న తలకట్టు ఉంటుంది. అక్కడ మునుపు ఒక ఎత్వం ఉండేది. దాన్ని దించినందుకు ఒక మనిషి కూడు పోగొట్టుకుంది, ఇంకో మనిషి బతికాడు. ప్యాకెట్టు మీది బేసర్ల ఆవిడ కాదు ఆ కూడు పోగొట్టుకున్నది. ఆమెకు పట్టుచీర లేదు, బోర్డు మీద చోటు లేదు, ఆఖరికి నా మీద చుక్కైనా మిగల్లేదు. ఆమె పేరు యడ్ల పారమ్మ. ఆ తలకట్టు కంటబడినప్పుడల్లా, దయచేసి, ఆమెను ఒక్కసారి తలచుకోండి.